మా ఇల్లు ఏడడుగులు నడిచింది

మా ఇంటికి ఏ వస్తువూ తిన్నగా రాదు. గ్యాసు బండ కావచ్చు, మందుల పార్సిలు కావచ్చు, ముందు ఒక ఫోను వస్తుంది. "సార్, ఎక్కడండీ?"

నేనెక్కడున్నానో నాకు తెలుసు. చిక్కంతా అతనెక్కడున్నాడో అతనికి తెలియకపోవడంలో ఉంది. మీరెక్కడున్నారని అడిగితే "ఇక్కడేనండీ" అంటాడు. ఆ ఇక్కడ ఎక్కడో తేలేలోపు కంచంలో అన్నం చల్లారిపోతుంది. రైల్వే గేటు దాటి రండి, ట్రాన్స్‌ఫార్మరు కనిపిస్తుంది, దాని కింద రెండు కుక్కలు పడుకుని ఉంటాయి, అక్కణ్ణించి ఎడంచేతికి తిరగండి అని చెప్పడం నాకు అలవాటు. కుక్కలు లేచి వెళ్ళిన రోజున గ్యాసు బండ కూడా వెనక్కి వెళ్ళిపోయేది.

ఇంటి నంబరు చెప్పొచ్చు కదా అనకండి. మా ఇంటి నంబరు ఇరవైమూడు బై ఆరు. పక్కింటిది తొమ్మిది. ఎదురింటిది నూటనలభై బై ఏ. నంబర్లు వేసినాయన సంచీలోంచి ఏ రేకు చేతికొస్తే దాన్నే గోడకి కొట్టుకుంటూ పోయాడని మా కాలనీలో చెప్పుకుంటారు.

ఈ బాధ నా ఒక్కడిదే అయ్యుంటే ఇలాగే గడిచిపోయేది. కానీ మా కాలనీ సంఘం అధ్యక్షులు భీమశంకరం మాస్టారి కొత్త కళ్ళజోడు పార్సిలు దారి తప్పి, ఊళ్ళో సగం కాలనీలు తిరిగి, నెల తర్వాత ఆయనకి చేరింది. ఆయన పాలిటెక్నిక్‌లో మెకానిక్స్ చెప్పి రిటైరైన మనిషి. కళ్ళజోడు లేక చదవడానికి వీల్లేక ఆ నెలంతా ఉట్టినే కూర్చుని ఆలోచించారు. చదువుకున్నవాళ్ళని ఉట్టినే కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో అప్పటిదాకా మాకు తెలియదు.

సర్వసభ్య సమావేశం పెట్టి మాస్టారు చెప్పిందేమిటంటే, ఏ వస్తువైనా ఎక్కడుందో చెప్పాలంటే ముందు ఒక మూలబిందువు కావాలి. అక్కణ్ణించి తూర్పుకి ఎన్ని అడుగులు, ఉత్తరానికి ఎన్ని అడుగులు అని రెండంకెలు చెబితే బ్రహ్మదేవుడైనా దారి తప్పడు. ఇంటిని మనం ఇల్లు అనుకోవడం వల్లే ఇన్ని కష్టాలు, దాన్ని ఒక కణం అనుకోవాలి. కణానికి బరువుంటుంది, పొడుగూ వెడల్పూ ఉండవు. మరి అంత ఇంట్లో కణం ఎక్కడుంటుందండీ అని ఎవరో అడిగితే, వీధి గడప దగ్గర అన్నారు. ఆడవాళ్ళకి ఈ మాట బాగా నచ్చింది. రోజూ పసుపు రాసేది దానికే కదా.

మూలబిందువు ఎక్కడ పెట్టాలన్న దగ్గర గొడవ వచ్చింది. మా గేటు దగ్గరంటే మా గేటు దగ్గరని అందరూ లేచారు. అందరికన్నా పెద్ద గొంతు వెనక వీధి పాపారావు గారిది. ఆయనది తవుడు వ్యాపారం. మూలబిందువంటే సున్నా, సున్నా అని మాస్టారు వివరించేసరికి ఆయన వెంటనే విరమించుకున్నారు. ఇంటి ముందు రెండు సున్నాలు రాయించుకోవడానికి తాను ఇంత తవుడు అమ్మలేదన్నారు. పోనీ పార్కు మధ్యలో పెడదామంటే సగం ఇళ్ళు మైనస్‌లో పడతాయి. ఆ సగం వాళ్ళూ కుర్చీలు వెనక్కి తోసి నిలబడ్డారు. రేపు ఇల్లు అమ్ముకోవాలంటే మైనస్‌లో ఉన్న ఇంటిని ఎవడు కొంటాడని వాళ్ళ బాధ. మైనస్ అన్నది దిక్కేగాని తిట్టు కాదని మాస్టారు ఎంత చెప్పినా ఒక్కరూ కూర్చోలేదు.

చివరికి తేలిందేమిటంటే, అందరూ ప్లస్‌లోనే ఉండాలంటే మూలబిందువు కాలనీకి నైరుతి మూల పెట్టాలి. నైరుతి మూల ఏముందయ్యా అంటే నూకరాజు మిరపకాయ బజ్జీల బండి ఉంది. అది ఎవరి గేటూ కాదు, ఎవరి కులమూ కాదు. పైగా వాస్తు ప్రకారం నైరుతిలో బరువుండాలి, బండి మీద నూనె మూకుడు ఉంది. నేను అడ్రసుకి కుక్కల్ని నమ్ముకుంటే, తక్కిన కాలనీ అంతా ఎన్నో ఏళ్ళుగా నూకరాజునే నమ్ముకుంది. కాబట్టి ఆ బండి ముందు ఎడమ చక్రం నేలను తాకేచోటే మూలబిందువని ఏకగ్రీవంగా తీర్మానించాం. చక్రం అన్న మాట తీర్మానంలోనే ఉంది. అయినా చక్రం తిరుగుతుందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

నూకరాజుని పిలిచి ఈ గౌరవం గురించి చెప్పారు. అతను శెనగపిండి చేతులు తుడుచుకుంటూ అంతా విని, "ఆయ్, దాందేవుందండి. ఉల్లిపాయ ముక్కలెయ్యమంటారా?" అన్నాడు.

మర్నాడు మాస్టారు టేపు పట్టుకుని ఇల్లిల్లూ కొలిచి బోర్డులు రాయించారు. మాది తూర్పు అరవై, ఉత్తరం రెండొందల పది. ఆ బోర్డుని మా ముందుగది గోడకి కొట్టారు. ఆ గది గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు నా ప్రాణం దాంట్లోనే ఉంది.

మా వరసలో అందరూ కార్లకోసం ఇంటి ముందు బోలెడు చోటు వదిలి కట్టుకున్నారు. నాకు కారు లేదు. మా ఆవిడ వకుళకి వీణ ఉంది. అందుకని రోడ్డు దాకా ముందుగది వేశాం. సాయంత్రం కాగానే కాలనీ పిల్లలు ఆ గదినిండా చాపలమీద కూర్చుని వీణ నేర్చుకుంటారు. పడగ్గదిలో నా బట్టలుంటాయి, వంటింట్లో నా టిఫిన్ క్యారియరు ఉంటుంది, ఆఖరికి పూజగదిలో కూడా మా అమ్మ తెచ్చిన దేవుళ్ళే ఉన్నారు. ఇల్లు మొత్తంలో వకుళ తనదని చెప్పుకోగలిగిన గది అదొక్కటే.

పథకం మొదట్లో బాగానే నడిచింది. ఒక గ్యాసు బండ తిన్నగా వచ్చింది. దాన్ని తెచ్చినతను బజ్జీలు తింటూ ఉండగా మాస్టారు చూసి, టేపు పట్టుకుని స్వయంగా వెంటబెట్టుకొచ్చారనుకోండి. అయినా ఈ విజయం గురించి పేపర్లో పడింది. పేపరు చూసి కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ ఆఫీసరు శరభేశ్వరరావు గారు వచ్చారు. ఆయన ఒక ప్లేటు బజ్జీలు తిని, ఇంకో ప్లేటు తిని, ఈ పద్ధతి శాస్త్రీయంగా ఉందని మెచ్చుకుని, వారం తిరక్కుండా ఉత్తర్వు ఇచ్చారు.

"యావన్మంది గృహ యజమానులకు తెలియజేయడమేమనగా, సదరు మూలబిందువు నుండి కొలవబడిన స్థానమే గృహము యొక్క అధికారిక స్థానముగా పరిగణింపబడును. తన గృహము మరెక్కడో ఉన్నదని యజమాని అభిప్రాయపడినచో, సదరు అభిప్రాయమునకు శాఖ ఎట్టి బాధ్యత వహించదు."

ఉత్తర్వు వచ్చిన సాయంత్రమే నాకో అనుమానం వచ్చింది. బజ్జీలు అయిపోయాక నూకరాజు మామూలుగా బండి తోసుకుంటూ రైల్వే గేటు వైపు, అంటే పడమటికి, ఇంటికి బయల్దేరాడు. నేను మాస్టారి దగ్గరికి వెళ్ళి మూలబిందువు వెళ్ళిపోతోందండీ అన్నాను.

"మూలబిందువు కదలదయ్యా గవర్రాజూ," అన్నారాయన పడక్కుర్చీలోంచి. "కదిలితే అది మూలబిందువే కాదు."

"కదిలిందండి. గోతిలో చక్రం దిగబడితే నేను కూడా ఓ చెయ్యి వేశాను."

"నువ్వు కాలనీలో నిలబడి చూశావు కాబట్టి అలా అనిపించింది. రైల్లో కూర్చున్నవాడికి చెట్లు వెనక్కి పరిగెత్తినట్టు ఉండదూ? ఇదీ అంతే. బండి స్థిరం. కదిలింది మన కాలనీ."

నేను చుట్టూ చూశాను. మాస్టారి ఇల్లు తూర్పుకి పోతున్నట్టు నాకైతే కనిపించలేదు. కానీ ఆయన మెకానిక్స్ చెప్పిన మనిషి, నేను పోర్టు ఆఫీసులో గుమస్తాని.

ఈ విషయాన్ని మాస్టారు కాలనీ వాట్సాప్ గ్రూపులో బొమ్మ గీసి మరీ వివరించారు. రోజూ మధ్యాహ్నం బండి వచ్చేటప్పుడు కాలనీ పడమటికీ, సాయంత్రం బండి వెళ్ళేటప్పుడు కాలనీ తూర్పుకీ ప్రయాణిస్తుందని, ప్రజలు భయపడనక్కర్లేదని, వేగం చాలా తక్కువని రాశారు. భయపడనక్కర్లేదని చెప్పేదాకా ఎవరూ భయపడలేదు. చెప్పాక మా పక్కింటి తాయారమ్మ గారు బండి కదిలే వేళకి మంచం కోడు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఆవిడకి కళ్ళు తిరుగుతున్నాయంటే డాక్టరు ఘాట్ రోడ్డు ప్రయాణాలకి ఇచ్చే మాత్రలే రాసిచ్చాడు. తగ్గిందట కూడా. దాంతో కాలనీ కదులుతోందనడానికి వైద్యశాస్త్రం నుంచి రుజువు దొరికినట్టయింది.

అసలు గొడవ శుక్రవారం వచ్చింది. శుక్రవారం పడమటికి ప్రయాణం చేయకూడదు, వారశూల. బండి తూర్పుకి వస్తే కాలనీ పడమటికి వెళుతుంది. అంటే శుక్రవారం శుక్రవారం కాలనీ కాలనీ అంతా వారశూలకి ఎదురెళుతోందన్నమాట. ఆదివారమూ అంతే. ఇక సోమవారం, శనివారం తూర్పు పనికిరాదు, అప్పుడు బండి ఇంటికి వెళ్ళకూడదు. నూకరాజుని ఆ రోజుల్లో రావద్దని ఒక వర్గం, ఆదివారం బజ్జీలు లేకపోతే బతుకెందుకని ఇంకో వర్గం పట్టుబట్టాయి. చివరికి పురోహితుణ్ణి అడిగితే, బయల్దేరే ముందు బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే దోషం పోతుందన్నాడు. అప్పట్నించి రోజూ నూకరాజు గ్రూపులో "బయల్దేరతన్నానండి" అని పెట్టడం, ఇంటింటా అందరూ బెల్లం తినడం ఆనవాయితీ అయింది. షుగరున్నవాళ్ళకి బెల్లం చూస్తే చాలని మినహాయింపు ఇచ్చారు.

ఇంతవరకూ నాకేమీ నష్టం లేదు. బెల్లం తిన్నాను, ఊరుకున్నాను. నా కొంప ముంచింది పాపారావు గారి జాతకం.

ఆయనది తూర్పు నూట ఇరవైఒకటి, ఉత్తరం నలభై. అన్నీ కలిపితే ఎనిమిది. ఎనిమిది శనిదని, అందుకే తవుడు ధర పడిపోతోందని ఎవరో సంఖ్యాశాస్త్రం ఆయన చెప్పాడు. ఒకటి రావాలి, ఒకటి సూర్యుడిది. బోర్డు చెరిపి రాసుకుంటే సరిపోయేది, కానీ పాపారావు గారు దొంగ లెక్కలు రాసే మనిషి కాదు, కనీసం దేవుడి దగ్గర. ఆయన నూకరాజు దగ్గరికి వెళ్ళి, బండి ఓ ఏడడుగులు తూర్పుకి పెట్టుకోరా, అక్కడ నీడ బావుంటుందన్నారు. నిజంగానే అక్కడ నీడ బావుంది. ఆ శుక్రవారమే నూకరాజు పెట్టుకున్నాడు. పాపారావు గారి ఇల్లు నూట పద్నాలుగుకి వచ్చింది, ఒకటీ ఒకటీ నాలుగూ నాలుగూ పది, పదంటే ఒకటి. తవుడు ధర పెరిగిందో లేదో తెలీదు.

మరుసటి వారం శరభేశ్వరరావు గారి మనుషులు వార్షిక తనిఖీకి టేపు పట్టుకుని వచ్చారు. వార్షిక తనిఖీ అంటే పథకం పెట్టి ఏడాది కావాలి కదా అనకండి, ఆర్థిక సంవత్సరం మారింది. మా గడప అరవైలో ఉండాల్సింది యాభైమూడులో ఉంది. కార్పొరేషన్ ప్లానులో రోడ్డు అంచు యాభైఎనిమిది. మూడో రోజుకి నాకు నోటీసు వచ్చింది. సదరు గృహము అనుమతి లేకుండా ఏడడుగులు పడమటికి జరిగి, ఐదడుగుల మేర రోడ్డును ఆక్రమించినందున, వారం లోపల గృహమును యథాస్థానమునకు జరుపుకొనవలెను, లేనిచో సదరు ఐదడుగులు శాఖ వారిచే తొలగింపబడును.

వకుళ నోటీసు చదివి, వీణ వైపు చూసింది. ఐదడుగులు పోతే ఆ గదిలో వీణ నిలబెట్టి వాయించాలి.

"పెళ్ళిలో నాచేత ఏడడుగులు నడిపించారు," అంది. "ఇప్పుడు ఇంటిచేత నడిపించారా? అదీ శుక్రవారం పూట, పడమటికి."

ఆ రోజు బెల్లం తిన్నానని చెప్పాను. ఆవిడ వినిపించుకోలేదు. ఈ గది పోతే తన వీణ పెట్టెలో పెట్టేస్తానని, మళ్ళీ తీయనని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. వకుళ మామూలుగా రెండు మాటల్లో తేలే విషయానికి పది మాటలు మాట్లాడుతుంది. అంత తక్కువ మాట్లాడిందంటే నాకు భయం వేసింది.

మర్నాడు సెలవు పెట్టి కార్పొరేషన్ ఆఫీసుకి వెళ్ళాను. శరభేశ్వరరావు గారు మర్యాదగా కూర్చోమన్నారు. ఇల్లు కట్టినచోటే ఉందని, పునాదులు కూడా ఉన్నాయని చెప్పుకున్నాను.

"పునాది అనేది నిర్మాణ విభాగానికి సంబంధించిన అంశం," అన్నారాయన. "మాది స్థాన విభాగం."

కదిలితే కాలనీ అంతా కదిలి ఉండాలి కదండీ, మాతోపాటు రోడ్డు కూడా ఏడడుగులు జరిగే ఉంటుంది కదా అన్నాను. ఈ పాయింటు కోసం రాత్రంతా నిద్ర మానుకున్నాను.

ఆయన కొంచెంసేపు ఆలోచించారు. నాకు ఆశ పుట్టింది.

"రోడ్డు కార్పొరేషన్ ఆస్తి. కార్పొరేషన్ ఆస్తి కదలాలంటే పైనుంచి మంజూరు రావాలి. అట్టి మంజూరు ఏదీ మాకు రాలేదు. కావున రోడ్డు కదలలేదు. తమ ఇల్లు మాత్రం మంజూరు లేకుండా కదిలింది."

మా ఇల్లు కణం కదండీ, పొడుగూ వెడల్పూ లేనిది ఐదడుగులు ఎలా ఆక్రమిస్తుందన్నాను. నోటీసు ఇచ్చేటప్పుడే కణమనీ, కూల్చేటప్పుడు ఇల్లేననీ ఆయన ఓపిగ్గా చెప్పారు. మా వరసలో మిగతావాళ్ళు ఇంటి ముందు కార్లకి వదిలిన చోట్లోనే ఏడడుగులూ జరిగి ఆగారని, పౌరులంటే అలా ఉండాలని కూడా అన్నారు. ఎదురు వరస వాళ్ళయితే రోడ్డు నుంచి ఏడడుగులు వెనక్కి జరిగినందుకు, ముందు చోటు కలిసొచ్చిందని అప్పటికే రోడ్డు మీద పూలకుండీలు పెట్టేసుకున్నారు.

ఆయనే మళ్ళీ ఒక దారి చూపించారు. ఇల్లు కదలలేదని నిశ్చల స్థితి ధ్రువపత్రం తెచ్చుకుంటే నోటీసు రద్దు చేస్తారట. దానికి ఒక సాక్షి కావాలి. కాలనీవాళ్ళు పనికిరారు, వాళ్ళూ ఇంటితోపాటు కదిలినవాళ్ళే. బయటి ఊరివాడు కావాలి. నేను గుంటూరు నుంచి మా బావమరిదిని రప్పించాను. అతను పాపం ముందుసారి వచ్చినప్పుడు ఇల్లెక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉందని ఆఫీసరు ముందు చెప్పాడు. ఎలా వచ్చావని అడిగారు. రైల్లో అన్నాడు. రైలు కదిలిందా అని అడిగారు. కదిలిందన్నాడు. కదులుతున్న సాక్షి చెప్పిన మాట నిశ్చల స్థితికి చెల్లదని రాసుకున్నారు. బావమరిది ఆ రాత్రి రైలుకే బయల్దేరాడు. రైలు లేటని స్టేషన్నుంచి ఫోన్ చేస్తే, ఆ మాట ఆఫీసరు గారికి చెప్పరా అన్నాను.

తిరిగి మాస్టారి కాళ్ళమీద పడ్డాను. ఆయన చెడ్డ మనిషి కాదు. వకుళ ముందుగదిలో వీణ మోగితే తన వరండాలో కూర్చుని తల ఊపేవారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నీకు అన్యాయం జరిగినట్టు నాకూ అనిపిస్తోందయ్యా. కానీ లెక్కలో ఎక్కడా తప్పు దొరకడం లేదు," అన్నారు.

"లెక్క వద్దండి మాస్టారూ. బండి ఏడడుగులు వెనక్కి లాగితే సరిపోతుంది."

"వెనక్కి లాగడానికి అదసలు ముందుకి వస్తే కదా."

ఆయన్ని వదిలేసి నూకరాజు దగ్గరికే పరిగెత్తాను. కానీ నేను వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. మూలబిందువు కదలదన్నది నిర్వచనం కాబట్టి, నిర్వచనాన్ని అమలుపరచడం తమ బాధ్యతని కార్పొరేషన్ వాళ్ళు ఆ నీడలోనే బండి నాలుగు చక్రాలకీ కాంక్రీటు పోసేశారు. చుట్టూ ఇనప కంచె వేసి, పసుపు రంగు కొట్టారు. నూనె మరిగితే చక్రాలు వ్యాకోచిస్తాయని దాని మీద బజ్జీలు వేయడం కూడా నిషేధించారు. ఇప్పుడు అక్కడ బండి ఉంది, బజ్జీలు లేవు.

నూకరాజు కంచె బయట స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మెడలో దండ ఉంది. నన్ను చూసి లేచాడు.

"నన్ను గౌరవ మూలబిందువని చేశారండి. దండేశారు, ఫొటో తీసుకున్నారు. నూనె డబ్బా డబ్బులెవరిస్తారో మాత్రం ఎవరూ చెప్పట్లేదండి."

బండి కొంచెం వెనక్కి పెట్టగలవా అని అడగడానికి వచ్చినవాణ్ణి, ఆ కాంక్రీటు చూసి అడగలేకపోయాను. నా సంగతి అతనే అడిగి తెలుసుకుని చాలా బాధపడ్డాడు. నీడ కోసం జరిగానండి బాబూ, మీ ఇల్లెళ్ళి రోడ్డు మీద పడుద్దని నాకేటి తెలుసు అన్నాడు. తర్వాత, తాను అప్పు చేసి కొత్త బండి కొంటున్నానని, మంచి చోటు ఏదైనా ఉంటే చూడమని అడిగాడు. నేను నా దుఃఖంలో ఉండి తల ఊపాను. ఆ తల ఊపడాన్ని అతను ఏమనుకున్నాడో ఇవాళ తెలిసింది. వీణ పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చే తల్లులు రోజూ మా గేటు దగ్గర నిలబడతారు కదా, వాళ్ళు మంచి బేరమని కొత్త బండి తెచ్చి సరిగ్గా మా ఇంటి ఎదురుగా పెట్టాడు.

వారం గడువు నిన్నటితో అయిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం నుంచి వకుళ ముందుగదిలోనే కూర్చుంది. పిల్లల్ని వేళకన్నా ముందే రమ్మంది. పడగొట్టేవాళ్ళు వచ్చేలోపు ఒక పాఠమైనా పూర్తి చేద్దామని. నేను గేటు దగ్గర నిలబడ్డాను, ఎందుకో తెలీదు. నూకరాజు పొయ్యి వెలిగిస్తున్నాడు. అప్పుడు నా ఫోను మోగింది. కొత్త నంబరు.

"సార్, ఎక్కడండీ?"

"ఎవరు?"

"కార్పొరేషన్ జేసీబీ అండి. మీ ముందుగదికొచ్చానండి. అడ్రసు దొరక్కపోతే ఓనరు గారికే ఫోన్ చెయ్యమన్నారండి ఆఫీసరు గారు. ఈ కాయితమ్మీదేమో అన్నీ అంకెలే ఉన్నాయండి, తూర్పంట, ఉత్తరవంట. ఏదైనా గుర్తు చెప్పండి సార్."

నా నోరు ఎంత పాడు నోరంటే, ఇన్నేళ్ళ అలవాటు మీద, "మీరెక్కడున్నారు?" అని అడిగేసింది.

"ఇక్కడేనండీ. బజ్జీల బండి కాడ. బజ్జీలు మాత్రం లేవండి ఇక్కడ, కంచె ఉంది."

రైల్వే గేటు, ట్రాన్స్‌ఫార్మరు, కుక్కలు, ఎడంచెయ్యి, అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. కుక్కలు ఇవాళ పడుకునే ఉన్నాయి కూడా. కిటికీలోంచి వకుళ నావైపు చూస్తోంది. వీణ మీంచి చెయ్యి తీయలేదు. ఐదు నిమిషాల్లో చేస్తానని చెప్పి ఫోను పెట్టేశాను.

ఇప్పుడు నేనేం చేయాలో మీలో తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. దారి చెబితే గది పోతుంది. గదితోపాటు వీణ పోతుంది, ఆ తర్వాత వకుళ నాతో రెండు మాటలకి మించి మాట్లాడదు. చెప్పకపోతే ప్రభుత్వోద్యోగి విధులకి ఆటంకం కలిగించినట్టవుతుంది, నాకింకా ఆరేళ్ళ సర్వీసుంది. పాపారావు గారి ఇంటికి పంపిద్దామని ఒక్క క్షణం మనసులో అనిపించింది. తూర్పు నూట పద్నాలుగు, ఉత్తరం నలభై, నోటికి వచ్చు. కానీ దారి అడిగినవాడికి తప్పు దారి చెప్పడం మా వంశంలో లేదు.

మీరు ఉత్తరం రాసేంత వ్యవధి లేదు. రాసినా ఏ అడ్రసుకి రాయమనాలో నాకు తెలీదు. ఇప్పుడే నూకరాజు మొదటి వాయి మూకుట్లో వేశాడు. గాలి ఇటునుంచి నైరుతి మూలకి వీస్తోంది. లోపల పిల్లలు సరళీ స్వరాలు అందుకున్నారు.

ఫోను మళ్ళీ మోగింది. ఎత్తాను.

"సార్, ఇక మీరేం చెప్పక్కర్లేదండి. ఎక్కడో బజ్జీలేస్తన్న వాసనొస్తంది. ఆ వాసన పట్టుకునొచ్చేత్తాను. మీ ఇల్లు దానికి దగ్గరేనాండి, దూరవాండి?"

ఫోను నా చేతిలోనే ఉంది. అతను లైన్లోనే ఉన్నాడు. త్వరగా చెప్పండి, ఏమనమంటారు?